హవల్దారుతో కొలువు వేటలో మూడు రోజులు

అనంతపురం గురించి మా చీరాల వైపు జనానికి తెలిసిన మాట ఒక్కటే: కరువు. ఆ మాట అనేసి నాలుక చప్పరించి ఊరుకుంటారు. నేనూ నిన్నమొన్నటి దాకా ఆ బాపతే. ముప్పై ఏళ్ళుగా సభల్లో జాతకాల మీద, ముహూర్తాల మీద, బాబాల మీద గొంతు చించుకున్నవాణ్ణి. రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ణి. చూడని జిల్లా గురించి మాత్రం వినికిడి మాటే నమ్మి కూచున్నాను. జూన్ నెల మొదటి వానలకు ఆ నేల మీద మూడు రోజులు తిరిగి వచ్చాక సిగ్గుపడి, ఆ సిగ్గు కంటే నాలుగింతలు సంబరపడి ఇది రాస్తున్నాను.

నన్ను పిలిచినవాడు ఖాజా హుసేన్. సైన్యంలో హవల్దారు. జనరేటర్లు, వాటి కరెంటు పనులు చూసే మెకానిక్కు. నా వ్యాసం ఒకటి ఏదో సరిహద్దు క్యాంపులో చదివి, అందులో తప్పులు పట్టి ఉత్తరం రాశాడు. ఎనిమిదేళ్ళుగా ఉత్తరాలు నడుస్తున్నాయి, మనిషిని మాత్రం చూడలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు ముగించి, ముప్పై తొమ్మిదేళ్ళకు ఈ ఏడాది ఇంటికి వచ్చాడు. వచ్చిన రెండు నెలలకు ఫోను చేశాడు.

"సార్, ఉద్యోగాలు చూపించే కంపెనీలు ఉండాయి కదా, వాళ్ళు ప్రశ్నలు అడుగుతాండారు. నాకు జవాబు చెప్పేది రాదు. మీరు పిల్లోళ్ళకు వాదించేది నేర్పిస్తారు కదా. మూడు దినాలు రాండి సార్."

వాదన నేర్పమని ఒక సైనికుడు అడిగితే ఇంట్లో కూచునే రకం కాదు నేను. మర్నాడే రైలెక్కాను.

అనంతపురం: ఉగ్గాణి, ఆ తరవాత ఒక ఫైలు

స్టేషన్లో నన్ను చూడగానే ఖాజా హుసేన్ మడమలు రెండూ కలిపి నిలబడ్డాడు. సెల్యూట్ కొడతాడేమోనని భయపడి ముందుగా నేనే చెయ్యి పట్టుకున్నాను. ఎడం చంకలో నీలం రంగు ఫైలు ఉంది. మూడు రోజుల్లో అది ఆయన చంక దిగింది ఎప్పుడో వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

మొదట ఉగ్గాణి తినిపించాడు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయతో పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లిన వంటకం అది. పక్కన మిరపకాయ బజ్జి. మా వైపు బొరుగులంటే పిల్లలు జేబులో పోసుకునేవి. ఇక్కడ అవి పొద్దుటి భోజనం. ప్లేటు ముప్పై రూపాయలు. బజ్జి కొరికాక నాకు ముప్పై సెకన్లు మాట రాలేదు. మా మిత్రులు చూసి ఉంటే ఆ దుకాణానికి సన్మానం చేసేవారు. "ఇంకొంచెం పెట్టించుకో సార్" అన్నాడు దుకాణదారు. మా జిల్లాలో 'సార్' అన్న నోట 'నువ్వు' రాదు. ఇక్కడ రెండూ ఒకే కంచంలో తింటాయి. నాకు నచ్చింది. గౌరవమూ ఉంది, వంగిన వెన్నూ లేదు.

తింటూ ఆయన కోరిక చెప్పాడు. ఇల్లు ఉరవకొండలో. భార్య షంషాద్ బ్లౌజులు కుడుతుంది. కూతురు రుక్సానా పదో తరగతిలోకి వచ్చింది. "నేను నేర్చింది జనరేటరు పని సార్. ఆ పనే కావల్ల. రోజూ ఇంటికి పోయేంత దూరంలో కావల్ల. ఇరవై ఏండ్లు బయటే ఉంటి. ఇంగ చాలు." అంతే. అంతకన్నా న్యాయమైన కోరిక నేను ఏ ధర్నాలోనూ వినలేదు.

మొదటి ఆఫీసు ఊరి నడిబొడ్డున ఉంది. పేరు రాయను, ఎందుకంటే ఆ పేరు మారినా అలాంటి ఆఫీసు ప్రతి జిల్లాలోనూ ఉంటుంది. గోడంతా యూనిఫాం వేసుకున్న కాపలావాళ్ళ ఫొటోలు. మేనేజరు ఫైలు తెరవలేదు. ఖాజా హుసేన్ భుజాలు చూశాడు.

"హైటెంతప్పా?"

"ఐదడుగుల తొమ్మిది అంగుళాలు సార్."

"భేష్. బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంటు. మెయిన్ గేటుకు హెడ్ గార్డు. సోమవారం జాయిన్."

"సార్, నేను జనరేటరు మెకానిక్కు."

"ఆడ కూడా జనరేటరు ఉంటాదిలే. దాని పక్కనే నీ కుర్చీ."

నాకు ఒళ్ళు మండింది. ఆవును నాగలికి కట్టినా, గుర్రాన్ని గానుగకు కట్టినా అడిగేవాడుంటాడు. మనిషి ఇరవై ఏళ్ళు నేర్చిన పనిని చెత్తబుట్టలో వేసి, ఎత్తు చూసి గేటు దగ్గర నిలబెడితే అడిగేవాడు లేడు. సైన్యం నుంచి వచ్చినవాడంటే వీళ్ళకు ఒక జత బూట్లు, ఒక కర్ర.

అంతలో మేనేజరు చెయ్యి చాచాడు. "ఒరిజినల్ డిశ్చార్జి బుక్కు, సర్టిఫికెట్లు ఇచ్చిపో. ఏడాది పని చేసినాక ఇస్తాం." ఖాజా హుసేన్ వెంటనే ఫైలు అందించాడు. పై అధికారి అడిగితే కాగితం ఇవ్వడం ఆయన చేతులకు అలవాటు, బుర్ర దాకా వెళ్ళదు. నేను మధ్యలో నా చెయ్యి పెట్టాను.

"ఎందుకండీ ఒరిజినల్?"

"మధ్యలో మానేసి పోతారు సార్. ఒక నమ్మకం కోసం."

"నమ్మకం ఉంటే తాకట్టు ఎందుకు?"

"మీరెవరు సార్ ఈయనకు?"

"ఉత్తరాల స్నేహితుణ్ణి. ఒక్క మాట చెప్పండి. ఈ మనిషి సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉంటే, రేపు ఇంతకన్నా మంచి పని దొరికితే ఏం చూపించుకుని వెళ్తాడు?"

మేనేజరు నా ముఖం, ఫైలు మార్చి మార్చి చూశాడు. జెరాక్సులు తీసుకున్నాడు. "ఆదివారం సాయంత్రం ఆరులోపల చెప్పల్ల. లేదంటే లైన్లో ఇంగొకడు ఉండాడు" అన్నాడు. అది శుక్రవారం. మెట్లు దిగాక ఖాజా హుసేన్ ఫైలు చంకలో సర్దుకుని, "ఇచ్చేస్తి కదా సార్, మీరు లేకపోతే" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బస్సులో పరీక్ష

శనివారం పొద్దున్నే పుట్టపర్తి బస్సు. అక్కడ సుగుణ అనే ఆమె ఉద్యోగాలు చూపిస్తుందని ఆయన పాత సుబేదారు చెప్పాడట. కిటికీ అవతల ఎర్రనేల తడిసి వాసన కొడుతోంది. విత్తనం వేయడానికి ఊళ్ళకు ఊళ్ళు పొలాల్లో ఉన్నాయి. ఒకచోట శెనక్కాయలు వలుస్తున్న ఆడవాళ్ళ నవ్వు బస్సు దాకా వినిపించింది. వాన వస్తే సంబరం, రాకపోతే లెక్క వేరే. అయినా విత్తుతారు. మా కృష్ణా కాలువ రైతుకు ఈ ధైర్యం ఉందా అని నాలో నేనే ఒక సభ పెట్టుకున్నాను.

ఆ ఊపులోనే శిక్షణ మొదలుపెట్టాను. నేను కంపెనీ వాణ్ణి, ఆయన అభ్యర్థి.

"మీరు చేసిన గొప్ప పని ఒకటి చెప్పండి."

"డ్యూటీ చేసినాను సార్."

"ఏ డ్యూటీ?"

"ఇచ్చిన డ్యూటీ."

వెనక సీటు నుంచి కిసుక్కున నవ్వు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి వచ్చాడు. "ఏమప్పా, మిలిట్రీలో తుపాకితోపాటు నోరు కూడా అప్పజెప్పి వచ్చినావా?"

"చెప్పుకునేది మాకు అలవాటు లేదన్నా. చెప్పుకుంటే పక్కోడు నవ్వుతాడు."

"ఈడ చెప్పుకోకపోతే పక్కోడు ఉద్యోగం ఎత్తుకపోతాడు. నన్ను అడుగు సార్, నేను చెప్తా." కండక్టరు నిటారుగా నిలబడి, పోయిన వానాకాలం వాగులో ఇరుక్కున్న బస్సును తనొక్కడే ఎలా గట్టెక్కించాడో పది నిమిషాలు చెప్పాడు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "ఆ పొద్దు నువ్వు లీవులో ఉంటివి కదప్పా" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. ఖాజా హుసేన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నా శిక్షణ అంతటితో సరి.

పుట్టపర్తి: జెరాక్సు షాపు మీది గది

ఆశ్రమం ఉన్న ఊళ్ళో నాలాంటివాడి కాలు నిలవదని మిత్రులు పందెం కాశారు. నిలిచింది. జిల్లా కేంద్రం అయ్యాక ఊరు ఆఫీసులతో, కాగితాలతో నిండింది. మొక్కుకు వచ్చినవాడూ అర్జీతో వచ్చినవాడూ ఒకే హోటల్లో పూరీ తింటున్నారు.

సుగుణ గది జెరాక్సు షాపు మీద. రెండు బల్లలు, ఒక ఫ్యాను. నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. బయోడేటా చదివి పక్కన పెట్టింది.

"ఈ కాగితంలో నువ్వు లేవప్పా. 'ఆదేశాల ప్రకారం విధులు నిర్వర్తించడమైనది.' ఇది ఎవురికైనా రాయొచ్చు. ఏది చెడిపోయింది, దాన్ని ఎట్ల బాగుచేసినావు, అది చెప్పు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. మంచు కొండ మీద ఒక వైద్య శిబిరం. చలికి డీజిలు గడ్డకట్టి జనరేటరు ఆగిపోయేది. పదకొండు రోజులు దాన్ని ఆగకుండా నడిపారట.

"ఎవురు నడిపినారు?"

"మా సెక్షన్ మేడమ్."

"సెక్షన్‌కు చేతులుంటాయా? ఆడ ఎంతమంది ఉంటిరి?"

"ఇద్దరం."

"ఆ రెండోవాడు ఏం చేసినాడు?"

"ఆయప్ప వంట చేస్తాడు మేడమ్. బ్యాటరీ లైటు పట్టుకున్నాడు."

సుగుణ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం నవ్వలేకపోయాం. ఆమె కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. తరవాత హవల్దారుగా ఆరుగురి సెక్షన్‌ను నడిపినవాణ్ణి బయట షిఫ్ట్ సూపర్‌వైజరు అంటారని, నెలనెలా యంత్రాలన్నీ తనిఖీ చేసి రిజిస్టరు రాసేదాన్ని నివారణ మెయింటెనెన్సు అంటారని చెప్పింది. ఒక్కో మాట ఆయన రెండు సార్లు పలికి చూసుకున్నాడు. తన పనికి బయట పేరు ఉందని ఆ మనిషికి ఆ రోజే తెలిసింది.

ఎక్కడికెళ్ళినా నేను అడిగే ప్రశ్న వేశాను. "మీకు డబ్బులు ఎవరిస్తారు?"

"కంపెనీ ఇస్తాది సార్. ఈయప్ప దగ్గర ఒక్క రూపాయి తీసుకోను. అట్లని నేను ఈయప్ప మనిషిని అనుకోవద్దు. కంపెనీ మనిషినే. సరైనోణ్ణి చూపిస్తే వాళ్ళు మళ్ళా నన్నే అడుగుతారు. ఇద్దరి దారి ఒకటే అయినంత దూరం మీతో వస్తా. ఆ పైన మీ కాళ్ళు మీవి."

ఇంత శుభ్రమైన నిజాయితీ నేను వేదికల మీద కూడా తక్కువే విన్నాను. ఇలాంటి ఆఫీసు మెట్లెక్కే ప్రతి సైనికుడూ ఈ మాటలు ముందుగా అడిగి రాయించుకోవాలి. ఈ పని ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. "మా నాయన సైన్యంలో ఎక్స్‌రేలు తీసేవాడు సార్. బయటికొచ్చి బ్యాంకు కాడ పదహైదేండ్లు తలుపు తీసినాడు." కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ రాతలో పడింది.

ఉరవకొండకు దగ్గర్లోనే, విడపనకల్లు వైపు గాలిమరల కంపెనీ వాళ్ళకు జనరేటర్లు, కరెంటు పనులు చూసే నిర్వహణ మనిషి కావాలట. సైటు ఇంజనీరు మంజునాథ్‌కు ఫోను చేయాలి. ఆమె గడియారం చూసి ఫోను బోర్లించింది. "పదిన్నర కానీ. రాహుకాలం."

ఇక చూడండి. ముప్పై ఏళ్ళ సభలు నా గొంతులోకి ఒక్కసారిగా వచ్చాయి. గ్రహాలకూ టెలిఫోనుకూ సంబంధమేమిటో చెప్పమన్నాను. భూమి తిరగడం దగ్గర మొదలుపెట్టి ముహూర్తాల వ్యాపారం దాకా ఏకరువు పెట్టాను. ఆమె గోరువెచ్చని టీ తాగుతూ అంతా విన్నది.

"అయిపోయిందా సార్? నాకు నమ్మకం లేదు. మంజునాథ్ సారుకు ఉండాది. రాహుకాలంలో కొత్తవాళ్ళ మాట ఎత్తితే అప్పుడే కాదంటాడు. మీరు గెలవల్లనా, ఈయప్పకు పని దొరకల్లనా?"

నా దగ్గర జవాబు ఉంది, రెండు పేజీల జవాబు. ఖాజా హుసేన్ ముఖం చూసి మింగేశాను. పదిన్నర దాటి రెండు నిమిషాలకు ఆమె ఫోను చేసింది. చివరగా చెప్పిన మాట ఇది: "సార్, ఈయన్ని కుర్చీలో కూచోబెట్టి అడిగితే మీకేమీ దొరకదు. ఏదన్నా చెడిపోయింది చూపించండి." ఆదివారం పదకొండుకు రమ్మన్నారు.

ఉరవకొండ: సంగటి ముందు

ఆ సాయంత్రం వాళ్ళింట్లో రాగి సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి. సంగటిని నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. రుక్సానా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. మా గోంగూర పచ్చడి నా మనసులో మొదటిసారి రెండో స్థానానికి దిగింది.

షంషాద్ కుట్టుమిషను మీద నుంచే మాట్లాడింది. "గేటు కాడ నిలబడేదైతే ఈయన ఎందుకు సార్, నేనూ నిలబడతా. మిషన్ ఆయనకిచ్చి నేను బెంగళూరు పోతా."

"నీకు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు ఉండాదా?" అన్నాడు ఆయన.

"స్టూలు వేసుకుంటా."

నవ్వాం. తరవాత ఆమె దారం తెంపి, కూతురు వినకుండా మెల్లగా నాతో అంది. "లీవులో వచ్చినప్పుడు పిల్ల మూడో దినం వరకు ఆయనతో మాట్లాడేది కాదు సార్. మాట్లాడే పొద్దుకు ఆయన పోయేవాడు. ఈ రెండు నెలలే కొంచెం..." ఆ మాట అక్కడే ఆపి, బాబిన్ మార్చుకుంది. రేపు సాయంత్రం ఆరు గంటలకు ఏం తేలాలో నాకు బాగా అర్థమైంది.

వజ్రకరూరు: నేల మీద కళ్ళు

ఆదివారం పొద్దున్నే ఆయన పక్కింట్లో అడిగి తెచ్చిన బండి మీద బయల్దేరాం. వజ్రకరూరు చూడాలని నేనే పట్టుబట్టాను. మొదటి వాన పడితే చాలు, చుట్టుపక్కల జనం సద్దిమూటతో వచ్చి, దున్నిన చేలల్లో వంగి వంగి వజ్రాల కోసం వెతుకుతారు. నేలలో వజ్రం ఉన్నమాట భూగర్భశాస్త్రం ఒప్పుకున్నదే, కాబట్టి నేను తగవు పెట్టుకోలేదు. కళ్ళతో చూసి ఏరుకోవడం కన్నా హేతుబద్ధమైన పద్ధతి ఏముంది?

ఒక ముసలామె సాలు వెంట నడుస్తూ కనిపించింది.

"ఎన్నేళ్ళుగా వస్తున్నావమ్మా?"

"పదేండ్లు."

"ఒక్కటైనా దొరికిందా?"

"దొరికినోళ్ళు చెప్పరు, దొరకనోళ్ళు ఇంటికి పోరు."

నేను ఉత్సాహంగా, ఇన్ని చేలు, ఇంతమంది, దొరికే అవకాశం ఎంతో లెక్క చెప్పబోయాను. "నువ్వు లెక్క తేల్చేలోపల నేను ఇంగో సాలు చూసుకుంటా. జరుగు సార్, ఎండకు నీ నీడ అడ్డం పడుతాండాది." జరిగాను. జరగడంలో బురదలో కాలు దిగబడి చెప్పు తెగింది. ఆమె గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆ పిన్నీసు చెప్పుతోనే నేను ఇంటర్వ్యూకు వెళ్ళాను.

విడపనకల్లు దారిలో

గాలిమరలను దగ్గరగా చూడడం నాకదే మొదలు. కర్ణాటక హద్దు దాకా నల్లరేగడి చదునుగా పరుచుకుని, దాని మీద తెల్లగా, పొడుగ్గా, తీరిగ్గా తిరుగుతున్నాయి. వాన ఎగ్గొట్టే ఈ నేలకు గాలి మాత్రం బాకీ పడలేదు. చిన్నపిల్లాడిలా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ముప్పైకి తప్పిపోయి, మళ్ళీ మొదలుపెట్టాను.

మంజునాథ్ బళ్ళారి మనిషి. గదిలో ఖాజా హుసేన్‌ను కూచోబెట్టి అడుగుతుంటే నేను వరండాలో కిటికీ పక్కన ఉన్నాను. పెద్ద జనరేటరు మీద సొంతంగా పని చేశావా అని అడిగాడు. నిన్న సుగుణ దగ్గర నేర్చుకున్నదంతా ఏమైందో, మనవాడు నిటారుగా కూచుని, "మా వర్క్‌షాప్‌లో చేస్తాం సార్" అన్నాడు. మంజునాథ్ ఏదో రాసుకుని, పెన్ను మూత పెట్టాడు. ఇంటర్వ్యూ అంతటితో ముగిసిందనుకున్నాను.

"ఆయ్తు, సరే. సుగుణమ్మ ఏదో చెప్పింది కదా. రా, ఒకటి చూడు."

వెనక షెడ్డులో జనరేటరు. స్టార్టవుతుంది, నిమిషంలో ఆగిపోతుంది. పొద్దుటి నుంచి తిప్పేస్వామి అనే టెక్నీషియన్ దానితో కుస్తీ పడుతున్నాడు. ఖాజా హుసేన్ దాన్ని ముట్టుకోలేదు. ముందు రిజిస్టరు అడిగి చదివాడు. తరవాత గోనెపట్టా పరిపించి, పనిముట్లన్నీ దాని మీద వరసగా పెట్టి, పైకి లెక్కపెట్టాడు. పద్నాలుగు.

"ఏమన్నా, అంగడి పెడతాండావా?" అన్నాడు తిప్పేస్వామి. ఆయన జవాబు చెప్పలేదు. చొక్కా చేతులు మడిచాడు. నాకు తెలిసిన బిడియస్థుడు అక్కడ లేడు. డీజిలు పైపు వెంట వేళ్ళతో తడుముతూ పోయి, ఒక బిగింపు దగ్గర ఆగాడు. అక్కడ గాలి పీలుస్తోందట. వాషరు మార్చాడు, పంపు మీద నట్టు వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిలు వదిలాడు. అందుకోవడానికి, పట్టుకోవడానికి తిప్పేస్వామి సాయం చేశాడు. ముప్పావుగంటలో పని అయింది.

"స్టార్ట్ చెయ్ అన్నా" అన్నాడు తిప్పేస్వామి.

ఖాజా హుసేన్ గోనెపట్టా దగ్గర వంగి లెక్కపెట్టాడు. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదమూడే.

"చిన్న స్పానరు లేదు."

"పోతే పోనీ అన్నా. స్టోరులో ఇంగోటి ఉండాది."

"చెయ్యను."

మంజునాథ్ గడియారం చూశాడు. "నాకు టైమ్ లేదప్పా. స్టార్ట్ చెయ్."

"చెయ్యను సార్. అది దొరకల్ల."

నా సంగతి దాచకుండా చెబుతాను. చేతికందిన ఉద్యోగం ఒక ఇనప ముక్క కోసం జారిపోతోందని ఉండబట్టలేక, "చేసేయండి ఖాజా గారూ" అని గొణిగాను. రుజువు లేకుండా ముందుకు పోవద్దని ముప్పై ఏళ్ళు బోధించిన నోరే అది. ఆయన నా మాట కూడా వినలేదు. నేల మీద పడుకుని కింద వెతికాడు. లేచి, రేడియేటరు ముందున్న ఫ్యాను కవచంలోకి చెయ్యి పెట్టాడు. బయటికి తీసినప్పుడు వేళ్ళ మధ్య స్పానరు ఉంది. ఇంజను స్టార్టయి ఉంటే ఫ్యాను దాన్ని విసిరేది. రేడియేటరులోకో, తిప్పేస్వామి ముఖంలోకో.

తిప్పేస్వామి నవ్వు ఆగింది. "నేనే పెట్టినానన్నా ఆడ. మర్చిపోతి" అన్నాడు చిన్నగా. ఖాజా హుసేన్ దాన్ని పద్నాలుగో స్థానంలో పెట్టి, గోనెపట్టా చుట్టించి, అప్పుడు మీట నొక్కాడు. జనరేటరు అందుకుంది, ఆగలేదు.

ఆ హోరులోనే మంజునాథ్ అడిగాడు. "మీ వర్క్‌షాప్‌లో అందరూ ఇట్లే లెక్కపెడతారా?"

"లెక్క తేలకుంటే అన్నానికి పోనీయరు సార్."

మంజునాథ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. సూపర్‌వైజరు అని కాగితం మీద రాయాలంటే డిప్లొమా అడుగుతారు. సైన్యం సర్టిఫికెట్టు దానికి సమానమని పై ఆఫీసును ఒప్పించడానికి నెలలు పట్టొచ్చు, ఒప్పుకోకపోనూ వచ్చు. అంతదాకా టెక్నీషియన్ జీతమే. పని మాత్రం పగటి షిఫ్టు మొత్తం చూసుకోవడం. "మూడు సైట్లకు నీ గోనెపట్టా నేర్పించల్ల. బుధవారం వస్తావా?"

"వస్తాను సార్."

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, అక్కడే తిరిగి ఇచ్చేశాడు.

బయటికి వచ్చి ఖాజా హుసేన్ మొదట అనంతపురం మేనేజరుకు ఫోను చేశాడు. గడువుకు ఇంకా నాలుగు గంటలు ఉంది, అయినా లైన్లో ఉన్న ఆ ఇంకొకడికి ఇప్పుడే తెలియాలన్నాడు. రెండో ఫోను ఇంటికి. ఎండలో స్పీకరు పెట్టి మాట్లాడాడు కాబట్టి నాకూ వినిపించింది. విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. అవతల కుట్టుమిషను ఆగింది.

"రోజూ ఇంటికేనా?" అంది షంషాద్.

"రోజూ."

"ఏ బస్సుకు వస్తావు? అన్నం ఏ పొద్దుకు వండల్ల?"

ఇరవై ఏళ్ళలో ఖాజా హుసేన్‌కు ఆ సమాచారం అవసరం రాలేదు. "ఉండు, అడిగి చెప్తా" అని ఫోను చేత్తో పట్టుకునే, ఉరవకొండకు సాయంత్రం బస్సులు ఎన్ని గంటలకో కనుక్కోవడానికి తిప్పేస్వామి కోసం షెడ్డు వైపు పరుగెత్తాడు.